స్కేలు కింద వెలుతురు

గురుసామి ఇంట్లో పెళ్లాన్ని ఏదీ అడిగే మనిషి కాడు. ఇల్లు కట్టేటప్పుడు వాకిలి ఏ దిక్కున పెడదామని అడగలేదు. కూతురు జీవితకు సంబంధం ఖాయం చేసుకుని, తాంబూలాలు కూడా పుచ్చుకుని వచ్చాకే ఇంట్లో చెప్పాడు. అలాంటి మనిషి పెరట్లో ఉన్న షెడ్డులోకి అడుగుపెట్టాడంటే మాత్రం రాజమ్మ పక్కన లేనిదే నట్టు బిగించడు. తమిళదేశంలో వాళ్లున్న సింగానల్లూరులో పంపుసెట్లు బాగుచేసేవాళ్లు, మోటార్లకు తీగ చుట్టేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. జంట సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజనును విప్పి మళ్లీ కూర్చాలంటే గురుసామే అని పేరు. ఆ పేరులో సగం రాజమ్మ కంటిది.

అదెలాగంటారా? ఆ ఇంజనులో రెండు సిలిండర్లు విడివిడిగా ఉంటాయి, పక్కపక్కన నిలబెట్టిన రెండు చెంబుల్లాగా. కింద రెండింటికీ ఒకే పెట్టె, పక్కన రెండింటికీ ఒకే పొగగొట్టం. తొందరపడి కింది నట్లు ముందే బిగించేస్తే ఏదో ఒక సిలిండరు వెంట్రుకవాసి పక్కకు తిరిగి అలాగే ఉండిపోతుంది. ఆ మీదట పొగగొట్టం బిగిస్తే ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. కింద పెట్టెకూ సిలిండరుకూ మధ్య వేసిన అట్టలో సందు పుడుతుంది. సందులోంచి గాలి దూరుతుంది. గాలి ఎక్కువైతే లోపల మంట ముదురుతుంది, పిస్టను కాగి ఉబ్బి సిలిండరును పట్టేసుకుంటుంది. ఇక ఇంజను కదలదు.

అందుకని నట్లు వదులుగా ఉంచి, రెండు సిలిండర్లకు పొగగొట్టం ఆనే ముఖాల మీదా అడ్డంగా ఉక్కు స్కేలు ఆనించి, వెనక నుంచి బల్బు పట్టుకుని, చెక్క సుత్తితో తట్టి తట్టి వరస చేయాలి. స్కేలు కింద ఎక్కడా వెలుతురు రాకూడదు. వయసులో ఉండగా వెల్డింగు మంటకు గురుసామి కళ్లు దెబ్బతిన్నాయి, సన్నవి ఆనవు. సన్నటి రేకులతో సందు కొలిచే గేజి సొరుగులో ఉంది కానీ దాన్ని ఆయన నమ్మడు. "రేకు దూరని సందులో కూడా వెలుతురు దూరుతుంది" అంటాడు. అందుకే నలభై ఏళ్లుగా ఆ షెడ్డులో అదే మాట, అదే జవాబు.

"రాజమ్మా, వెలుతురు?"

"ఉండాది మామా. ముందర పక్క."

టక్.

"ఇప్పుడు?"

"సన్నంగా ఉండాది. దారం మాదిరి."

టక్.

"ఇప్పుడు?"

"లేదు."

ఆమె లేదు అన్నదంటే లేనట్టే. రెండోసారి అడగడు. స్పానరు అందుకుంటాడు. మేనమామనే చేసుకున్న రాజమ్మకు బడి చదువు మూడో తరగతితో సరి. కానీ లేదు అన్న తర్వాత ఆయన స్పానరు అందుకునే ఆ ఒక్క క్షణంలో తాను కూడా ఒక పెద్ద ఇంజినీరునని ఆమెకు అనిపించేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు.

ఆషాఢ గాలులు వీచే ఆడి నెల చివర పళనివేల్ టెంపోలో ఒక ఇంజను తెచ్చి షెడ్డు ముందు దించాడు. పళనివేల్ ఒక డ్యాము దగ్గర బోటుహౌసు నడిపేవాడు. అది నీళ్ల మీద పరుగెత్తే స్కూటరు ఇంజను. రెండు నెలల ముందు వైకాసిలో ఈ షెడ్డులోనే కూర్చి పంపినదే. దాన్ని చూడగానే రాజమ్మ చేతిలోని చేట కిందపెట్టేసింది. ఆ స్కూటరు సంగతి ఊరంతా పేపర్లో చదివింది, ఆమెకు జీవిత ఫోనులో చదివి వినిపించింది.

ఆడి గాలికి డ్యాములో పెడలు బోటు ఒకటి బోర్లాపడింది. బోటుహౌసులో కాపలా పని చేసే యువన్ స్కూటరు మీద వెళ్లాడు. నీళ్లలో ఉన్న ఆరేళ్ల పాపను పట్టుకున్నాడు. తిరిగి రాబోతే నడిమధ్యలో ఇంజను పట్టేసి ఆగిపోయింది. అల ఒకటి ఇద్దర్నీ నీళ్లలో పడేసింది, గాలి స్కూటరును దూరంగా తోసుకుపోయింది. తన లైఫ్ జాకెట్టు విప్పి పాపకు తగిలించాడు. పాప తేలింది. యువన్ మరునాడు పొద్దున తేలాడు. ఇరవై మూడేళ్లవాడు.

"ఆయిల్ పొయ్యకుండ తీసుకుపోయినాడు అణ్ణా" అన్నాడు పళనివేల్, ఇంజను మీది తార్పాలిను తీస్తూ. "రిపోర్టులో అట్లనే రాసినాము. టూ-స్ట్రోక్ కదా, ఆయిల్ లేకుంటే పట్టేస్తాది. పావం, మంచి పిల్లోడే. దీపావళి సీజనుకు బండి నీళ్లలో ఉండాల, కొంచం చూడండి."

రాజమ్మకు ఆ పిల్లవాడు కళ్ల ముందే ఉన్నాడు. వైకాసిలో ఇంజను తీసుకుపోవడానికి వచ్చింది వాడే. బల్బు పట్టుకుని వంగి ఉన్న ఆమెను చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమవ్వా, నువ్వు కూడా మెకానిక్కా?"

"ఆమా రా, మెకానిక్కే. నేను సరి అంటేనే నీ బండి నడుస్తాది."

"సర్టిఫికెట్ ఉండాదా? చూపించు."

"నా కన్నేరా సర్టిఫికెట్."

"అట్లయితే ఒక నాడు డ్యాముకు రా అవ్వా. వెనకాల కూచోపెట్టుకుని ఒక రౌండు తిప్పుతా. తాతను గట్టు మీదనే వదిలేద్దాం."

తాత కూడా నవ్వాడు ఆ రోజు. అరుదు అది.

పళనివేల్ వెళ్లాక గురుసామి ఇంజను విప్పడానికి కూర్చున్నాడు. ముందు ఆయిల్ డబ్బా చూశాడు. ముప్పావు వంతు ఉంది. గొట్టాలు చూశాడు, వాటిలోనూ ఉంది. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి సన్నటి కమ్మీ దించి పైకి తీసి వేళ్ల మధ్య రుద్దాడు. జిడ్డు.

"ఆయిల్ ఉండాది" అన్నాడు మెల్లగా. "పిల్లోడు పోసినాడు."

తర్వాత పొగగొట్టం విప్పాడు. కింది నట్లు మాత్రం ముట్టుకోలేదు, సిలిండర్లు తాను బిగించినవి బిగించినట్టే ఉండాలని. గొట్టానికీ సిలిండర్లకూ మధ్య ఉండే అట్టను తీసి వెలుతురులో పెట్టాడు. వెనక సిలిండరు వైపు శుభ్రంగా ఉంది. ముందు సిలిండరు వైపు ఒక అంచున పొగ పాకిన నల్లటి చార, కాటుక వేలితో గీసినట్టు. గురుసామి స్కేలు తీసి రెండు ముఖాల మీదా ఆనించాడు. ఎప్పటిలా "రాజమ్మా" అనబోయి, ఎందుకో అనలేదు. సొరుగు లాగి రేకుల గేజి తీశాడు. అన్నిటికన్నా సన్నటి రేకు కాదు, మూడోది, స్కేలు కింద పెడితే ఎక్కడా తగలకుండా జారిపోయింది.

అంత సందు. దారం కాదు, నులకతాడంత వెలుతురు వచ్చి ఉండాలి.

రాజమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గురుసామి చాలాసేపు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నేనే" అన్నాడు. "నువ్వు లేదు అన్న తర్వాత బిగించేటప్పుడు నా చెయ్యి వణికినాది. నేనే కదిలించినా. నా చెయ్యే రాజమ్మా."

నోరు తెరిచి చెప్పాల్సిన ఘడియ అదే. రాజమ్మ తెరవలేదు.

వైకాసికి మూడు నెలల ముందు, మాసిలో కారమడై గుడి తేరు చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ పందిరి వేసి ఉచితంగా కళ్లు చూస్తున్నారు. రెండు కళ్లలోనూ పొర ఉందనీ, ఆపరేషను చేయాలనీ, తేదీ వేసి ఒక చీటీ ఇచ్చారు. ఆ చీటీని ఆమె ఆవాల డబ్బా అడుగున పెట్టింది. ఆపరేషనుకు భయపడి కాదు. కన్ను కనిపించదంటే ఆయన ఇంకొకరిని పిలుచుకుంటాడు, లేదా ఆ గేజినే నమ్ముతాడు. ఒకసారి నమ్మాక మళ్లీ ఎందుకు అడుగుతాడు? వెలుతురు అని ఆమెను పిలిచే పిలుపు పోతుంది. అంతే. ఎంత చిన్న సంగతి!

ఆ తర్వాత బల్బు ముందు వంగితే స్కేలు అంచు మంచులో కొండలా ఉండేది. బల్బు వెలుతురు నెయ్యి కరిగినట్టు అంతటా పాకిపోయేది. ఆమె చెవితో పని గడిపింది. సిలిండరు సరిగ్గా కుదురుకున్నప్పుడు సుత్తి దెబ్బ మొద్దుగా మోగుతుంది, నలభై ఏళ్లుగా వింటున్నదే. ఆ మోత వినగానే లేదు అనేది. రెండు ఇంజన్లు అలాగే గడిచాయి. పళనివేల్ తెచ్చిన ఇది మూడోది. ఆ రోజు వాకిట్లో యువన్ ఫోనులో పాట పెట్టాడు. మోత సరిగ్గా వినబడలేదు. అయినా లేదు అంది.

మూడు రోజులు గురుసామి ముద్ద సరిగ్గా ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున తెల్ల వేష్టి కట్టుకుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"పోదనూరు పోతాండా. ఆ పిల్లోని అమ్మకు చెప్పొస్తా. ఆయిల్ పోసినాడు, తప్పు నాది అని. నువ్వు రావద్దు. వాళ్లు ఏమన్నా అంటే నేను పడతా."

"వస్తా మామా."

"ఎందుకే?"

"వస్తా" అంది అంతే.

యువన్ తల్లి జెబమలర్ రైల్వే ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేది. మొగుడు పోయి పదేళ్లు. పాత రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. గోడకు శిలువ, దాని కింద కుర్చీలో కొడుకు ఫోటో. ఇంట్లో వాళ్లదీ వీళ్లలాగే తెలుగే. గడపలో ఉన్న ముసలి దంపతులను చూసి ఆమె కూచోమని చాప వేసింది.

"నేను సింగానల్లూరు గురుసామి అమ్మణీ. ఆ ఇంజను కూర్చింది నేనే."

"తెలుసు" అంది జెబమలర్. "యువను చెప్పినాడు. ఒక అవ్వ దీపం పట్టి చూసి సరి అంటేనే ఆ తాత నట్టు బిగిస్తాడంట, అని ఒకటే నవ్వు. ఆ అవ్వ మీరేనా అక్కా?"

రాజమ్మ తల ఊపింది. తల తప్ప ఇంకేదీ కదలలేదు.

"నాకు ఒక్కటి చెప్పండి. ఆయిల్ పోసినాడా?"

"పోసినాడు" అన్నాడు గురుసామి. "డబ్బాలో ఉండాది, గొట్టంలో ఉండాది, లోపల తడి కూడా ఆరలే. నేను ఈ చేత్తో తడిమి చూసినా. పిల్లోని మీద ఒక్క తప్పు లేదు."

జెబమలర్ నిలబడినచోటే కూలబడింది.

"అందరూ అడగతాండారు. చర్చిలో అడగతాండారు, డ్యూటీలో అడగతాండారు. ఏమి, పిల్లోడు ఆయిల్ కూడా చూసుకోడా అని. నేనే తిట్టినా వాన్ని. పెట్టె మూసే ముందర, అందరూ ఏడస్తా ఉంటే, ఏమిరా, ఆయిల్ పొయ్యను మరిచిపోయినావా, నన్ను మరిచిపోయినావా అని తిట్టినా. పెట్టెలో పడుకున్నోన్ని తిట్టినా అక్కా."

గురుసామి రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాది అమ్మణీ. బిగించేటప్పుడు నా చెయ్యి..."

"కాదు" అంది రాజమ్మ.

గురుసామి ఆమె వైపు తిరిగాడు.

"ఆయన చెయ్యి కాదు. నా కన్ను. మాసిలోనే కంట్లో పొర అని డాక్టరు చెప్పినాడు. చీటీ ఇచ్చినాడు. దాచిపెట్టినా. ఆ నాడు వెలుతురు ఉండాదో లేదో నాకు తెలవదు. లేదు అనేసినా."

గురుసామి జోడించిన చేతులను విడదీసి ఒడిలో పెట్టుకున్నాడు, ఎవరివో అన్నట్టు వాటిని చూశాడు.

"ఎందుకు దాచినావు?" అంది జెబమలర్. ఆ మాటలో కోపం కూడా లేదు.

రాజమ్మకు అబద్ధాలు చాలానే తట్టాయి. ఆపరేషను భయం అనొచ్చు. చెయ్యి ఖాళీ అనొచ్చు.

"ఆయన నన్ను అడిగేది అది ఒక్కటే. తెలవదంటే మళ్లీ అడగడని."

"దానికా" అంది జెబమలర్.

బయట గూడ్సు బండి ఒకటి పెట్టెలు తగిలించుకుంటూ దడదడలాడింది. అది ఆగాక జెబమలర్ లేచి రాజమ్మ మణికట్టు పట్టుకుంది. కొడుతుందనుకుంది రాజమ్మ. కొట్టినా బాగుండేది. వీధి చివర కొళాయి దగ్గరికి నడిపించుకుపోయింది. అక్కడ ఆడవాళ్లు రంగురంగుల బిందెలు వరసగా పెట్టుకుని నీళ్ల కోసం నిలబడి ఉన్నారు.

"చెప్పు" అంది జెబమలర్.

రాజమ్మ చెప్పింది. పిల్లవాడు ఆయిల్ పోశాడని, తన కన్ను కనిపించలేదని, అబద్ధం చెప్పానని.

"తమిళంలో చెప్పు. ఈడ అందరికీ అర్థం కావల్ల."

తమిళంలో చెప్పింది. వరసలోని వాళ్లు బిందెలు వదిలి దగ్గరికి వచ్చారు. ఇరుళాయి అనే చెవిటి ముసలమ్మ వెనక నుంచి, ఏమంటాండాది, ఏమంటాండాది అని అడిగింది.

"అత్తకు వినిపించలే. ఇంకొకసారి చెప్పు. గట్టిగా."

మూడోసారి కూడా చెప్పింది. ఇరుళాయి విని, కొంగుతో మూతి తుడుచుకుని, "అట్లయితే మన పిల్లోడు ఆయిల్ పోసినాడు కదే జెబా" అంది. అప్పుడు ఏడ్చింది జెబమలర్. ఆ ముసలమ్మ భుజం మీద తల పెట్టుకుని, వీధంతా వినబడేటట్టు.

వాళ్లు బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఆ ఇంజను ఏమి చేస్తారు?"

"దీపావళికి అడగతాండారు" అన్నాడు గురుసామి. "వేరేవాళ్లకు ఇచ్చేయమంటా. ఇంక నా షెడ్డులో వద్దు."

"వేరేవాళ్లు ఏమి చూస్తారో, ఏమి చూడరో. అక్కా, నువ్వు కన్ను బాగు చేసుకో. నువ్వే చూడు. దాని మీద ఇంకొకరి బిడ్డ కూచుంటాడు." వెంటనే మళ్లీ అంది, "తర్వాత ఈ దిక్కు రావద్దండి. ఇద్దరూ రావద్దండి. మిమ్మల్ని చూస్తే నాకు వాని నవ్వు గుర్తొస్తాది."

టౌను బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా గురుసామి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. సింగానల్లూరు దాకా ఆ తెల్ల చొక్కా వీపే చూస్తూ వచ్చింది. అది కూడా మసకగానే.

రిపోర్టు మార్చి రాస్తే తప్ప ఇంజను ఇవ్వనన్నాడు గురుసామి. పళనివేల్ రెండు రోజులు గెంతాడు. "మీ ఇంటి తప్పును నా తలకాయ మీద పెడతాండారే అణ్ణా! అక్క కన్నుకు నేనా జవాబు చెప్పాల?" అన్నాడు. మూడో రోజు, ఆయిల్ ఉన్నదని, కూర్పులో లోపమని, గురుసామి సంతకంతో పాటు రాజమ్మ వేలిముద్ర కూడా వేసిన కాగితం తీసుకుపోయి రాయించాడు. సంతకం రాక కాదు. గీత కనబడక.

నెల గడిచాక పురట్టాసి మొదట్లో ఒక కన్ను, నెలాఖరుకు ఇంకొక కన్ను. కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజు రాజమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. గోడ సున్నం ఇంతగా పెచ్చులూడిందా! ఇత్తడి బిందె ఇంత నల్లబడిందా! మామ గడ్డం మొత్తం ఎప్పుడు తెల్లబడింది? చెంపలు ఎప్పుడు లోపలికి పోయాయి? ఆమెకు తెలిసిన మొహం ఏడాది కిందటిది, దాన్నే ఇన్నాళ్లూ మంచులో చూసుకుంటూ వచ్చింది. కన్నీళ్లు రాకూడదన్నారు డాక్టరు. ఆ మాట కళ్లకు ఎవరు చెప్పాలి?

పోదనూరు నుంచి వచ్చినప్పటినుంచి గురుసామి ఆమెను తిట్టలేదు, కసరలేదు. పొద్దుటే చుక్కల మందు కూడా తనే వేశాడు, తల ఎత్తమని గదుమ కింద వేలు పెట్టి. కానీ పేరు పెట్టి పిలవలేదు. ఏదీ అడగలేదు.

చుక్కల మందు అయిపోయిన వారానికి షెడ్డులో ఇంజను మళ్లీ కూర్చోబెట్టాడు. కొత్త పిస్టన్లు, కొత్త అట్టలు. సిలిండర్లు రెండూ దించి ఎనిమిది నట్లూ వదులుగా తిప్పి వదిలేశాడు. రాజమ్మ తనంతట తానే వచ్చి బల్బు పట్టుకుంది. వద్దనలేదు. స్కేలు ఆనించి, సొరుగులోంచి గేజి తీశాడు. అన్నిటికన్నా సన్నటి రేకుతో ఒక కొస నుంచి ఇంకొక కొస దాకా తడిమాడు. ఎక్కడా దూరలేదు. గేజి పక్కన పెట్టి స్పానరు అందుకున్నాడు.

రాజమ్మకు కనబడింది. ముందు సిలిండరు అంచున, గేజికి అందనంత సన్నగా, సాలెపురుగు పోగులాగా.

"మామా."

"ఊ."

"ఉండాది."

గురుసామి తిరగలేదు. స్పానరు చేతిలోనే ఉంది. ఆ షెడ్డులో అడగకుండా ఆమె చెప్పిన మొదటి మాట అది. చాలాసేపటికి స్పానరు కింద పెట్టి చెక్క సుత్తి తీసుకున్నాడు.

టక్.

అడగలేదు.

"ఇంకా ఉండాది."

టక్.

"ఉండాది మామా. కొంచమే."

టక్. ఈసారి మోత మొద్దుగా మోగింది. పోగు ఆరిపోయింది. స్కేలు కింద నలుపు తప్ప ఏమీ లేదు. ఇక లేదు అనాలి. నలభై ఏళ్లలో ఎన్ని వందల సార్లు అన్న మాట! నాలుక దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆమె స్కేలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ ఆనించింది. బల్బు పైకి, కిందికి, పక్కకు జరిపి చూసింది. నడుము మీద చేతులు పెట్టుకుని ఎవరో వెనక నిలబడి ఉన్నట్టే ఉంది.

"నాకు కనబళ్లే మామా" అంది చివరికి. "నువ్వు రేకు కూడా పెట్టి చూడు."

ఆయన రేకు పెట్టి చూశాడు. మళ్లీ ఆ కొస నుంచి కూడా చూశాడు. తర్వాత ఒక మూల నట్టు, దాని ఎదురు మూల నట్టు, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాడు. ప్రతి నట్టుకూ ఆగాడు. ప్రతి నట్టుకూ ఆమె వంగి చూసింది. ఎనిమిదీ బిగించి, స్పానరు తుడిచి మేకుకు తగిలించి, ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

రాజమ్మ బల్బు దించలేదు, స్కేలు కింద ఇంకా చూస్తూనే ఉంది.